సెయింట్ జాన్స్ దీవిలో గాలివాన

ఆ శనివారం పొద్దున యాట్ ఎక్కేటప్పటికే మా మేనేజరు నా మీద చిరాగ్గా ఉన్నాడు. కారణం నా పక్కన నిలబడ్డ పెద్దావిడ. ముదురాకుపచ్చ నేతచీర, రబ్బరు చెప్పులు, చంకలో పాత నల్ల హ్యాండ్‌బ్యాగు. మిగతావాళ్ళు భార్యల్నో భర్తల్నో వెంటబెట్టుకొచ్చారు. అందరికీ నల్ల కళ్ళద్దాలు, వెడల్పాటి టోపీలు. వాళ్ళ మధ్య ఆవిడ ఎవరింటికో పేరంటానికి బయల్దేరి దారి తప్పి వచ్చినట్టు కనిపించింది.

"ఎవరీవిడ?" అన్నాడు మేనేజరు నన్ను పక్కకు పిలిచి. ఆయనది విజయవాడ. ఆఫీసులో ఇంగ్లీషే మాట్లాడేవాడు. కోపం వచ్చినప్పుడు మాత్రం తెలుగు.

"మా ఆంటీ అండి."

సింగపూరులో వయసులో పెద్దవాళ్ళందరూ అంకుల్సూ ఆంటీలే కాబట్టి అది అబద్ధం కాదు. కానీ ఆయన బంధువనుకుంటాడని తెలిసే ఆ మాట అన్నాను.

"క్లయింట్లు ఉన్నారు. కాస్త చూసుకో," అని వెళ్ళిపోయాడు.

రెండు వేల సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ తారీఖులు మర్చిపోతాయని ప్రపంచమంతా బెంగపడుతున్న రోజులవి. ఆ బెంగ పుణ్యమా అని అనకాపల్లి నుంచి ప్రోగ్రామర్‌గా వచ్చి సింగపూరులో పడ్డాను. మా పని నచ్చితే మరో రెండేళ్ళ కాంట్రాక్టు ఇవ్వగల క్లయింటు కంపెనీ అధికారులు ఇద్దరు ఆ వారం ఊళ్ళో ఉన్నారు. వాళ్ళకు దక్షిణం వైపు దీవులు చూపించడానికి మేనేజరు ఆ యాట్ మాట్లాడాడు. నా వర్క్ పాస్ గడువు నెలాఖరుతో అయిపోతోంది. పొడిగించమని కంపెనీ రాయాల్సిన ఉత్తరం సంతకం కోసం ఆయన బల్ల మీదే ఉంది.

ఆంటీ నా ఇంటి ఓనరు. బెడోక్‌లో వాళ్ళ ఫ్లాట్‌లో ఒక గదిలో ఉండేదాన్ని. ఆవిడ తండ్రి శ్రీకాకుళం వైపు నుంచి హార్బరు పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ఆవిడ పుట్టింది ఇక్కడే. భర్త పోయాడు. కూతురు పిల్లలతో వుడ్‌ల్యాండ్స్‌లో ఉంటుంది. మనవలతో ఆవిడ తెలుగులో మాట్లాడితే వాళ్ళు ఇంగ్లీషులో బదులిచ్చేవారు. అందుకేనేమో నేను ఇంటికి రాగానే "మకాన్ అయిందా అమ్మీ" అని మొదలుపెట్టి గంటసేపు వదిలేది కాదు. తిండికి ఆ ఇంట్లో మలయ్ మాటే వాడుక. అంత మాట్లాడే మనిషి ఏడాదిలో నన్ను ఒక్కటంటే ఒక్కటి అడిగి ఎరగదు. మేం వెళ్ళేది సెయింట్ జాన్స్ దీవికని చెప్పిన రోజు మాత్రం కాఫీ గ్లాసు కింద పెట్టి, "నన్నూ తీసుకెల్తావేటి?" అంది. ఎందుకని నేనూ అడగలేదు.

యాట్ నడిపే ఆయన అరవై దాటిన మలయ్ మనిషి. అందరం పాక్‌చిక్ అన్నాం. బాబాయ్ అన్నట్టు. ఇంజను చూసుకోవడానికి ఆయన బావమరిది ఉన్నాడు. బయల్దేరేముందు పాక్‌చిక్ మమ్మల్ని వేలితో చూపిస్తూ లెక్కపెట్టాడు. పదకొండు మందిమి. ఆంటీ ఆయనతో మలయ్‌లో ఏదో అంది. ఆయన నవ్వకుండా తల ఊపాడు.

సముద్రం నూనె పోసినట్టు నున్నగా ఉంది. మేనేజరు అధికారులకు ఓడరేవు చూపిస్తూ గట్టిగా నవ్వుతున్నాడు. మధ్యమధ్యలో ఆయన చూపు ఆంటీ మీదికి, అక్కణ్ణుంచి నా మీదికి వచ్చి పోతోంది. ఆంటీ రెయిలింగు పట్టుకుని ముందుకే చూస్తోంది.

దీవి దగ్గర లంగరు వేసి, రబ్బరు పడవలో నలుగురేసి చొప్పున జెట్టీకి చేర్చారు. పాక్‌చిక్ పడమటి ఆకాశం వైపు చెయ్యి చూపించి, "సుమత్రా వస్తుందేమో. ఒక్క గంట. పది కల్లా జెట్టీ దగ్గర ఉండాలి లా," అన్నాడు. పొద్దుటిపూట సుమత్రా వైపు నుంచి ఉన్నట్టుండి విరుచుకుపడే గాలివానను అక్కడ అలాగే పిలుస్తారు. మాట చివర 'లా' తగిలించడం అక్కడివాళ్ళ అలవాటు. నాకు మాత్రం ఆకాశం తెల్లగానే కనిపించింది.

మిగతావాళ్ళు ఇసుక ఉన్న వైపు నడిచారు. ఆంటీ ఎదురుగా ఉన్న సిమెంటు దారి పట్టింది. ఆ వయసులో ఆ నడక నేను ఊహించలేదు. వెనక పరిగెత్తాల్సి వచ్చింది. దారికి అటూ ఇటూ పొడవాటి పాత బిల్డింగులు, కిటికీలకు ఇనుప చువ్వలు. ఇంకొంచెం పోతే ఎత్తయిన ఇనుప కంచె. దాని మూలన కాపలావాళ్ళు ఎక్కి కూచునే పాత బురుజు. వెనకటికి ఓడల్లో వచ్చిన కూలీలను ఊళ్ళోకి రానివ్వకుండా, రోగం ఉందేమో చూడ్డానికి ఇక్కడే ఉంచేవారని చదివాను. అది చదివిన సంగతి. ఆంటీ చెప్పింది వేరు.

"మాయమ్మ పదారేళ్ళ పిల్ల అప్పటికి. ఇశాపట్నంలో ఓడెక్కింది, సంకలో ఆర్నెల్ల పిల్లోడితోటి. ఓడలో ఎవులికో అమ్మోరు పోసింది. అంతే, అందర్నీ ఇక్కడ దింపీసినారు. పిల్లోడికీ పోసింది. మూడ్రోజులు బతికేడు."

నేను ఆగిపోయాను. ఆవిడ ఆగలేదు.

"గుడ్డలో సుట్టి ఎవులో పట్టుకుపోనారంట. ఎక్కడెట్టారో సూపించలేదు. అమ్మని కంచె ఇవతలే నిలబెట్టీసినారు."

"ఫెర్రీ ఉంది కదా ఆంటీ. ఇన్నేళ్ళూ ఎందుకు రాలేదు?"

"అమ్మ ఒట్టేయించుకుంది. నాను బతికుండగా ఆ దీవి మీద కాలెట్టకు అంది." తల్లి పోయింది కిందటేడే. తొంభైకి దగ్గరపడ్డ ఆవిడ ఫోటో ఫ్లాట్‌లో రోజూ చూస్తున్నాను.

ఆవిడ హ్యాండ్‌బ్యాగు తెరిచి ఒక చిన్న పొట్లం విప్పింది. లోపల ఆ పిల్లవాడి నల్ల మొలతాడు. దారం చివికిపోయింది. ఒక వెండి పూస మాత్రం మిగిలింది. దాన్ని వాడి దగ్గర పెట్టాలట. ఎక్కడ అంటే తెలియదు.

చేతిగడియారం చూసుకున్నాను. పదికి ఇరవై నిమిషాలు. "ఆంటీ, టైమ్ అవుతోంది. ఇంకోసారి వద్దాం, నేను తీసుకొస్తాను," అన్నాను. ఆవిడ పొట్లం మడిచి బ్యాగులో వేసుకుంది. మొహం చెమట పట్టి ఎర్రగా కందిపోయింది. దారి పక్కన కుళాయి కనిపిస్తే సీసాలో నీళ్ళు పట్టడానికి వెళ్ళాను. నీళ్ళు సన్నగా వస్తున్నాయి. తిరిగి వచ్చేసరికి ఆవిడ లేదు.

మొదట కంగారు పడలేదు. బిల్డింగుల్లో ఒక్కో తలుపూ తోసి చూశాను. ఇనుప మంచాలు, తడి వాసన. పిలిస్తే నా గొంతే గోడల్లోంచి తిరిగొస్తోంది. కంచె వెంబడి కొంత దూరం నడిచాను. వెలుతురు మారిపోయిందని అప్పుడు గమనించాను. పడమర వైపు సముద్రం మీద పలక లాంటి నల్లటి గీత లేచింది. చెట్ల మీద ఒక్క ఆకూ కదలడం లేదు. జెట్టీకి పరిగెత్తాను.

చివరి విడతగా మేనేజరు, ఆయన భార్య రబ్బరు పడవలో కూచున్నారు. మోటారు దగ్గర పాక్‌చిక్. మిగతావాళ్ళు అప్పటికే యాట్‌లో ఉన్నారు. విషయం మేనేజరుకు తెలుగులో చెప్పాను.

"ఎక్కు," అన్నాడు మేనేజరు.

"సార్, ఆంటీ..."

"ఆవిడ మీ ఇంటి ఓనరు కదా? ఇప్పుడే చెప్పారు మనవాళ్ళు. బంధువన్నావు నాతో." గొంతు పెంచలేదు. "ఇక్కడ పుట్టిన మనిషి, దారి తెలుసు, భాష తెలుసు. మధ్యాహ్నం ఫెర్రీకి వస్తుంది. యాట్‌లో గెస్టులున్నారు. వాళ్ళకేమన్నా అయితే నేను ఏం జవాబు చెప్పాలి? సోమవారం నీ పేపర్లు చూడాలి నేను. ఎక్కు."

ఎక్కాను. ఇది రాయడానికి ఇన్నేళ్ళు పట్టింది. కాలు పెట్టి ఆగిపోలేదు, ఎక్కి కూచున్నాను. ఫెర్రీ ఉంది కదా, ఆవిడకు దారి తెలుసు కదా అని ఆయన మాటలే లోపల మళ్ళీ చెప్పుకున్నాను. పడవ కదిలింది. జెట్టీకీ మాకూ మధ్య నాలుగు బారల నీళ్ళు.

పాక్‌చిక్ నా వైపు తిరిగి, "నీ నెనెక్ ఏది?" అన్నాడు. మీ అమ్మమ్మ ఏది అని.

నేను దీవి వైపు చూశాను. ఆయన మోటారు ఆపేశాడు.

"పదకొండు తెచ్చాను. పదకొండు తీసుకెళ్ళాలి లా."

"చూడండి, గాలి వచ్చేస్తోంది..." అని మేనేజరు ఇంగ్లీషులో మొదలుపెట్టాడు.

"వచ్చేస్తోంది. అందుకే యాట్ ఇక్కడ ఉండదు. రాళ్ళకు కొట్టుకుంటుంది. దీవి వెనక గాలి తగలని చోటికి తీసుకెళ్ళి ఆపుతాం. ఇంటికి మాత్రం వెళ్ళం." నాతో, "నువ్వు దిగు. వెతుకు. వీళ్ళను దింపి నేనూ వస్తాను," అన్నాడు.

పడవ వెనక్కి తిప్పాడు. దిగుతుంటే మేనేజరు నా మొహం చూడలేదు. ఆయన భార్య మాత్రం తన గొడుగు నా చేతిలో పెట్టింది.

గాలి ఒక్క తోపుగా వచ్చింది. గొడుగు తిరగబడి ఎగిరిపోయింది. వాన సూదుల్లా మొహానికి గుచ్చుకుంటుంటే కంచె పట్టుకుని నడిచాను. ఎక్కడో పెద్ద కొమ్మ ఫెళ్ళున విరిగి పడింది. కంచె అడుగున తీగలు తెగి సందు ఏర్పడ్డ చోట ఒక రబ్బరు చెప్పు కనిపించింది. పాకి అవతలికి వెళ్ళాను. అది మెరక. గడ్డి జారుతోంది. పిలుస్తున్నాను గానీ నా మాట నాకే వినిపించడం లేదు. పిడుగు పడితే చెట్ల కింద ఉండకూడదని తెలుసు. అక్కడ చెట్లు తప్ప ఏమీ లేవు.

ఆవిడ మెరక మీద, ఎండిన కాలవ గట్టున కూచుని ఉంది. హ్యాండ్‌బ్యాగు పొట్టకు అదుముకుని ముందుకు వంగింది. చీలమండ వాచి కుండలా అయింది.

"లేవలేకపోనాను అమ్మీ," అంది. వణుకుతోంది.

ఎత్తబోతే ఇద్దరం జారాం. ఇక పక్కనే కూచుని ఆవిడను నా ఒళ్ళోకి లాక్కున్నాను. మెరుపుకూ ఉరుముకూ మధ్య లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఒకటి, రెండు అనేలోపే చప్పుడు. నేను ఏడుస్తున్నాను. ఆవిడ ఏడవలేదు. పళ్ళు కొట్టుకుంటుంటే, "ఇంత చోటుంది, ఎక్కడని పెట్టను?" అని అదే మాట మళ్ళీ మళ్ళీ అంది.

అరగంటకు పాక్‌చిక్ వచ్చాడు, పసుపుపచ్చ రెయిన్‌కోటు తొడుక్కుని. గాలి కొంచెం తగ్గింది. ముందు ఆవిడ కాలు చూశాడు. తర్వాత ఇద్దరూ మలయ్‌లో చాలాసేపు మాట్లాడుకున్నారు. ఆయన భార్యవాళ్ళది అక్కడికి దగ్గర్లోని ఇంకో దీవి అట. చనిపోయినవాళ్ళను ఈ మెరక మీదే ఎక్కడో పూడ్చేవారని వాళ్ళ పెద్దవాళ్ళు అనుకునేవారట. రాళ్ళు పెట్టలేదు, గుర్తులేవీ లేవు.

"నిజమేనా అని అడిగేను," అంది ఆంటీ నాతో. "తెలవదు, అనుకోగా విన్నాను అంతే అన్నాడు."

పొట్లం బయటికి తీసింది. తడిసి ముద్దయిన కాగితంలో వేళ్ళతో పూసను తడిమింది. పెడుతుందనుకున్నాను. మళ్ళీ మడిచి బ్యాగులో వేసుకుంది. "తెలవని సోట వదిలీలేను," అంది.

పాక్‌చిక్ ఆవిడను వీపు మీద మోసుకుని దింపాడు. యాట్‌లో అందరూ తడిసి, వాంతులు చేసుకుని, నీరసంగా ఉన్నారు. క్లయింటు అధికారుల్లో ఒకాయన లేచి ఆంటీకి తన సీటు ఇచ్చాడు. తిరిగొచ్చేంతవరకూ మేనేజరు సముద్రం వైపు తిరిగి కూచున్నాడు. పాక్‌చిక్ మాత్రం మళ్ళీ వేలితో లెక్కపెట్టుకున్నాడు.

సోమవారం మేనేజరు తన గదిలోకి పిలిచి, "గెస్టుల ముందు నన్ను తలెత్తుకోకుండా చేశావు," అన్నాడు. క్షమించమని అడిగాను. ఆ ఉత్తరం మీద సంతకం నెలాఖరుకు మూడు రోజుల ముందు పడింది. అప్పటిదాకా రోజూ ఆయన బల్ల పక్కగా నడిచి దాన్ని చూసి వచ్చేదాన్ని. క్లయింటు పని నుంచి నన్ను తప్పించి పాత ప్రోగ్రాములకు వివరణలు రాసే పనిలో పెట్టాడు. ఇప్పుడు ఆయన మీద కోపం లేదు. ఆయన పాస్ కూడా ఇంకెవరి బల్ల మీదో ఉండే ఉంటుంది.

ఆంటీ కాలు కట్టు విప్పడానికి ఆరు వారాలు పట్టింది. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకూ ఆ కథ చెప్పేది. అంత వానలోనూ ఈ పిల్ల నన్ను ఒగ్గీలేదు అనేది. నేను వంటింట్లోకి వెళ్ళిపోయేదాన్ని.

నాలుగైదేళ్ళకు ఊరికి అవతలి వైపు వన్-నార్త్‌లో కొత్త ఆఫీసులు లేచాయి. అక్కడ ఉద్యోగం వచ్చి ఆ దగ్గర్లోకి మారాను. సామాను సర్దుకున్న రోజు ఆవిడ సోఫాలో కూచుని బట్టలు మడతపెడుతోంది. ఇక దాచలేక చెప్పేశాను. పడవ ఎక్కాను ఆంటీ, కూచున్నాను, పడవ కదిలింది కూడా అని.

ఆవిడ చేతిలోని దిండు గలీబు మడతపెట్టడం ఆపలేదు.

"ఆ మెరక మీదనుంచి జెట్టీ అంతా కనిపిస్తాది," అంది.

నేను అక్కడే నేల మీద కూచుండిపోయాను. ఆవిడ ఇంకో గలీబు తీసుకుంది. అది ఎవరిదో, నాదో తనదో, అటూ ఇటూ తిప్పి చూసి నా సంచీలో పెట్టింది.