ఏడాది చిన్నదాన్నయిన రోజు

నా చిన్నప్పుడు మా ఇంట్లో పుట్టినరోజులు చేసే అలవాటు లేదు గాని, నేను పుట్టిన రోజు మాత్రం మా ఊళ్లో చాలామందికి గుర్తుండేది. మా ఊరి దగ్గర బందరు కాలవకి గండి పడిన రోజు అది. శ్రావణమాసం, వారం రోజుల నుంచి ముసురు. మా నాన్న లాకుల దగ్గర లస్కరు. తలుపులు ఎత్తడం, దించడం, గట్టు కాపలా కాయడం ఆయన పని. అక్కడ గట్టు తెగి నీళ్లు చేల మీద పడుతుంటే ఇక్కడ మా అమ్మకి నొప్పులు వచ్చాయి. మా నాయనమ్మ నన్ను తిట్టాలన్నా ముద్దు చెయ్యాలన్నా 'గండిపిల్లా' అనే పిలిచేది. గండి పడి ఎన్నేళ్లయిందని ఎవరైనా అడిగితే ఊళ్లోవాళ్లు నా వంక చూసి లెక్క చెప్పేవారు.

ఊరందరికీ తెలిసిన ఆ వయసుని మార్చాలని మా నాన్నకి బుద్ధి పుట్టింది. ఆయన బడికి వెళ్లినవాడు కాదు. ఉద్యోగంలో చేరేటప్పుడు ఆఫీసులో ఎవరో ఆయన మీసాలు చూసి ఒక ఏడాది ఎక్కువే వేశారట. 'మీసం గీయించుకుని వెళ్లుంటే ఇంకో ఏడాది సర్వీసు ఉండేది' అని నవ్వుతూ చెప్పేవాడు. నవ్వేవాడే గాని ఆ ఏడాది పోయిందన్న బాధ ఆయన్ని వదల్లేదు. తనకి పోయినది నాకు కలిపి ఇద్దామనుకున్నాడు. లాకుల దగ్గర మిగతావాళ్లు వేళాకోళం చేసేవారు, పిల్లకి ఇంకా జడ వేసుకోవడం రాదు, అప్పుడే రిటైర్మెంటు గురించి బెంగా అని. ఆయన పట్టించుకోలేదు.

నేను ఆరో తరగతికి పక్క ఊరి హైస్కూల్లో చేరాలి. ఆ వేసవిలో వచ్చిన గాలివానకి మా ఊరి ఎలిమెంటరీ బడి పైకప్పు లేచిపోయి, రికార్డులన్నీ నాని ముద్దయ్యాయి. మా అందరి పుట్టిన తేదీలూ అందులోనే పోయాయి. తండ్రులు చెప్పిన తేదీ వేసుకొమ్మని హైస్కూలుకి ఒక కాగితం రాసిచ్చారు. మా నాన్నకి అది దేవుడిచ్చిన అవకాశంలా కనిపించింది. నన్ను సైకిలు వెనక కూర్చోబెట్టుకుని, దారి పొడుగునా ఎక్కం చెప్పించినట్టు నా చేత కొత్త సంవత్సరం చెప్పించాడు. నాకు నిజానికి పదకొండేళ్లు నిండబోతున్నాయి. పది నిండబోతున్నాయని చెప్పాలి. నాకు అందులో తప్పేమీ కనిపించలేదు. పెద్దవాళ్ల రహస్యంలో నాకూ వాటా దొరికిందని గర్వంగానే ఉంది.

ఆ హైస్కూలు హెడ్మాస్టరు గారు సన్నగా, కాస్త వంగి ఉండేవారు. ముప్పై ఏళ్లకి పైగా ఆ చుట్టుపక్కల ఊళ్లలోనే పాఠాలు చెప్పినాయన. హెడ్మాస్టరయి మాత్రం అయిదున్నర నెలలే అయింది. ఇంకో నెలన్నరలో రిటైరవుతున్నారు. ఈ సంగతులేవీ నాకు అప్పటికి తెలియవు. నాకు కనిపించిందల్లా పెద్ద టేబులు, దాని మీద నా చెయ్యంత పొడుగు రిజిస్టరు, కిటికీ అవతల పేర్చిన ఇటికలు.

నాన్న చేతులు కట్టుకుని తేదీ చెప్పాడు. హెడ్మాస్టరు గారు కలం ఎత్తారు గాని రాయలేదు. నాన్న మొహంలోకి కాసేపు చూసి, "నువ్వు కాస్త వరండాలో కూర్చోవయ్యా. పిల్లతో మాట్లాడి రాస్తాను" అన్నారు.

నాన్న బయటికి వెళ్లాడు. నన్నేదో లెక్కో పద్యమో అడుగుతారని భయపడ్డాను. ఆయన గోడ మీద ఉన్న చెక్కబోర్డు చూపించి చదవమన్నారు. ఆ బడికి హెడ్మాస్టర్లుగా చేసినవాళ్ల పేర్లు, ఎప్పట్నుంచి ఎప్పటిదాకా చేశారో తెల్లరంగుతో రాసి ఉన్నాయి. పైనుంచి కిందికి చదివాను. చివరిది ఆయన పేరే. ఆ పేరు ఎదర 'వరకు' అన్నచోట ఖాళీ ఉంది.

అప్పుడు ఆయన నాకు ఒక కథలా చెప్పారు. బోర్డు మీద తన పేరుకి పైన ఉన్న పెద్దాయన, తనూ ఇంచుమించు ఒకే ఈడువాళ్లట. కలిసి ట్రైనింగు చదివారట. ఆ పెద్దాయన్ని బళ్లో వేసినప్పుడు వాళ్ల నాన్నగారు వయసు రెండేళ్లు తగ్గించి రాయించారట. అందువల్ల ఆయన రెండేళ్లు ఆలస్యంగా దిగారు, ఈయన రెండేళ్లు ఆలస్యంగా ఎక్కారు. ఈయనకి మిగిలింది ఏడు నెలలు. ఆ పెద్దాయన మీద ఆయన మాటల్లో కోపమేమీ లేదు. మంచివాడని, పాపం రాయించింది ఆయన కాదని కూడా అన్నారు. తరవాత కిటికీలోంచి ఇటికలు చూపించారు.

"ఆడపిల్లలకి మరుగుదొడ్డి కట్టిద్దామని తెప్పించానమ్మా. మీరంతా మధ్యాన్నం దాకా మంచినీళ్లు కూడా తాగకుండా కూర్చుంటారని తెలుసు నాకు. నాకు దొరికిన ఏడు నెలలకి ఇటికలు దిగాయి, అంతే. ఆ రెండేళ్లు ఎక్కణ్ణించో రావాలి కదా తల్లీ. నా దగ్గర్నించి వచ్చాయి."

అంతా విన్నాను. అర్థం కాలేదని ఇప్పుడు రాసుకుంటే నాకు సుఖంగానే ఉంటుంది, కాని అర్థమైంది. పదకొండేళ్లదాన్ని, అందులోనూ లస్కరు కూతుర్ని. పై చేలవాళ్లు వంతు దాటి నీళ్లు వాడుకుంటే కింది చేలు ఎండుతాయని నాకొకరు చెప్పక్కర్లేదు. అలాంటి గొడవలు రోజూ మా అరుగు మీదే తెగేవి.

ఆయన రిజిస్టరు తన వైపు తిప్పుకుని, "ఇప్పుడు చెప్పు. నువ్వెప్పుడు పుట్టావు?" అన్నారు.

వరండాలో నాన్న కాళ్లు కనిపిస్తున్నాయి. కదలడం లేదు. నేను నేర్చుకొచ్చిన సంవత్సరమే చెప్పాను. తడబడకుండా చెప్పాను.

ఆయన నా వంక చూశారు. తిట్టలేదు, రెట్టించి అడగలేదు. "సరే తల్లీ. నీ మాట మీదే రాస్తున్నాను" అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి, అద్దుడు కాగితం అద్ది, రిజిస్టరు మూసేశారు.

తిరిగి వచ్చేటప్పుడు నాన్న మొదట హుషారుగానే తొక్కాడు. లోపల ఏం అడిగారో చెప్పమన్నాడు. బోర్డు సంగతి, ఇటికల సంగతి, చివరికి నా మాట మీద రాస్తున్నానన్న సంగతి చెప్పాను. కాసేపటికి సైకిలు ఆపి దిగి, నడిపించుకుంటూ వచ్చాడు. లాకులు కనిపించాక చెప్పాడు. గండి పడిన రోజు ఆ మాస్టారు తన క్లాసు పెద్దపిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చి, పంచె ఎగ్గట్టి, నాన్న పక్కనే ఇసక బస్తాలు మోశారట. ఆడపిల్ల పుట్టిందని కబురు వచ్చింది వాళ్లిద్దరూ ఆ బురదలో ఉండగానే. నాన్న గట్టు వదిలి వెళ్లలేక నిలబడితే, ఆయనే తన పొడి కండువా నాన్న భుజాన వేసి, 'నీ చోట నేనుంటాను, పో, పిల్లని చూసి రా' అని పంపించారట.

"ఆయన మర్చిపోయుంటారనుకున్నానే" అన్నాడు నాన్న.

ఆయన మర్చిపోలేదు. నేను పుట్టిన తేదీ మా అమ్మ తరవాత అంత బాగా తెలిసిన మనిషి ఎదర కూర్చుని ఆ తేదీ అబద్ధం చెప్పాను. నాన్నని నా ఎదర సిగ్గుపరచకుండా, తేల్చుకునే వీలు నాకిచ్చి, ఆయన నన్ను ఒక మనిషిగా లెక్కచేశారు. ఆ గౌరవం నిలబెట్టుకోలేకపోయాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

దిద్దుకునే అవకాశం లేక కాదు. ఆయన ఇంకా నెలన్నర ఆ బళ్లోనే ఉన్నారు. ఏ పూట వెళ్లి నిజం చెప్పినా ఆ అంకె కొట్టేసి పక్కన పొట్టి సంతకం పెట్టేవారు. రోజూ ప్రార్థనలో ఆయనకి నాలుగు బారల దూరంలో నిలబడేదాన్ని. ఇవాళ కాదు రేపు, రేపు కాదు ఎల్లుండి అనుకుంటూ ఉండగానే ఆయనకి దండ వేసి పంపించేశారు. తరవాత వచ్చిన హెడ్మాస్టరు గారు ఆ ఇటికలతో జెండా దిమ్మ కట్టించారు. పదో తరగతి దాకా మేం ఆడపిల్లలం మంచినీళ్లు తాగకుండానే చదువుకున్నాం.

చదువుకుని నేనూ పంతులమ్మనయ్యాను, ఆలస్యంగానైనా హెడ్మాస్టరునయ్యాను. మా హెడ్మాస్టర్ల మీటింగులకి విజయవాడ వెళితే మాటలన్నీ మోకాళ్ల నొప్పులు, బీపీ బిళ్లలు, ఇంకెన్ని నెలలు ఉంది అన్నదాని మీదే. మాలో సగం మందికి పుట్టినరోజు జులై ఒకటో తేదీయే. బళ్లో చేర్చుకున్న మాస్టారికి తోచిన తేదీ అది. అందరూ నవ్వుకునేవాళ్లం, నేనూ నవ్వేదాన్ని. నా దగ్గరికి ఏ తండ్రయినా పిల్లవాడి వయసు ఏడాది తగ్గించి వెయ్యమని వస్తే మాత్రం కుర్చీ కూడా చూపించకుండా పంపించేసేదాన్ని. మేడం గారు తేదీల దగ్గర మహా గట్టి మనిషని మా మండలంలో పేరొచ్చింది. ఆ పేరు విన్నప్పుడల్లా ఎవరో నన్ను వెక్కిరిస్తున్నట్టుండేది.

మా బళ్లో లెక్కల మాస్టారు ఒకాయన ఉండేవారు. విజయవాడ వన్‌టౌన్ నుంచి రోజూ బస్సులో వచ్చేవారు. వాళ్ల నాన్నగారు ట్రంకుపెట్టెలు చేసేవారట. నేను సెలవు పెడితే బడి నడిపింది ఆయనే. చదువు మానేసిన పిల్లల ఇళ్లకి వెళ్లి వెనక్కి తెచ్చిందీ ఆయనే. ప్రమోషన్ లిస్టులో ఆయన పేరు మొదట ఉండేది. మా వైపు ఒక్క హెడ్మాస్టరు కుర్చీ ఖాళీ అయితే చాలు. నేను పుట్టిన తేదీ నిజంగా రాసుంటే ఆ కుర్చీ కిందటి ఏడాది ఆగస్టు ఆఖరున ఖాళీ అయ్యేది. ఆయనకి తొమ్మిది నెలలు దక్కేవి. ఆ తొమ్మిది నెలలూ దాన్లో నేను కూర్చున్నాను. మే నెలాఖరున ఆయన స్కూల్ అసిస్టెంటుగానే రిటైరయ్యారు. శాలువా కప్పింది నేనే. 'ఒక్క బడైనా నా లెక్క ప్రకారం నడిపి చూడాలని ఉండేదండీ, ప్రాప్తం లేదు' అని ఆయన నవ్వుతూ మైకులో అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

ఈ ఆగస్టులో రిజిస్టరు ప్రకారం అరవై రెండు నిండి, రిటైరవడానికి నా వంతు వచ్చింది. సన్మానపత్రం రాయడానికి మావాళ్లు ఆ లెక్కల మాస్టార్నే పిలిపించారు, దస్తూరీ బాగుంటుందని. ఒక మధ్యాహ్నం నా గదిలో టేబులుకి అవతల కూర్చుని, నేను ఎక్కడెక్కడ పనిచేశానో వరసగా అడిగి రాసుకున్నారు. తరవాత, "పుట్టిన తేదీ కూడా వేద్దామా మేడం? ఆడవాళ్లకి ఇష్టముండదంటారు" అని నవ్వారు.

రిజిస్టర్లో ఉన్న తేదీ చెప్పాను. చెప్పి ఊరుకోలేకపోయాను. "అది నిజం కాదండీ మాస్టారూ. నేను అంతకి ఏడాది ముందు పుట్టాను. తెలిసే రాయించుకున్నాను" అన్నాను.

ఆయన కలం కాగితం మీద ఆగింది. లెక్కల మాస్టారాయె. ఆయన చూపు గోడ మీదికి వెళ్లింది, పెదవులు కొంచెం కదిలాయి. కిందటి ఆగస్టు నుంచి మొన్నటి మే దాకా ఆయన నా ఎదురుగానే లెక్కపెట్టుకుంటున్నారు. నేను చూస్తూ కూర్చున్నాను. తొమ్మిది దగ్గర ఆగారు. ఏదైనా అంటారని ఎదురుచూశాను, అంటే బాగుండుననుకున్నాను.

"రిజిస్టర్లో ఉన్నదే వేస్తానండీ" అన్నారు ఆయన. అదే తేదీ అందంగా రాసి, కలానికి మూత పెట్టి, బస్సు టైమైందని లేచారు. సభకి రాలేదు. ఒంట్లో బాగాలేదని కబురు పంపించారు. అంతకుముందు నెలకోసారైనా ఫోను చేసి బడి సంగతులు అడిగేవారు. ఇప్పుడు చెయ్యడం లేదు. చెయ్యమని అడిగే మొహం నాకు లేదు.

పదకొండేళ్లప్పుడు నాన్న భయమని చెప్పుకున్నాను. తరవాత యాభై ఏళ్లకి పైగా ఏ భయమూ లేదు, అయినా చెప్పలేదు. అడిగినవాళ్లకి ఇప్పుడు నా వయసు అరవై మూడని నిజమే చెబుతున్నాను. రిటైరయిన మనిషి వయసుతో ఇప్పుడు ఎవరికీ పని లేదు.