కాలవ గట్టు కాలేజీలో రెండు సీట్లు

మా చిన్నప్పుడు... ఇంటర్ అయిన ఆ వేసవిలో నాన్నగారు మోపెడ్ వెనకాల నన్నెక్కించుకుని ఊరూరా కాలేజీలు తిప్పారు.

ఎంసెట్‌లో నా ర్యాంకు చెప్పుకునేంత గొప్పదీ కాదు, దాచుకునేంత చెడ్డదీ కాదు. మా లెక్కల మాస్టారు నాన్నగారికి ఒకటే చెప్పారు. "పెద్ద కాలేజీ వస్తే వచ్చిందండి. రాకపోతే చేరడానికి ఒకటుండాలి కదా... అది మాత్రం అమ్మాయికి నచ్చిందై ఉండాలండి. నాలుగేళ్ళు ఉండాల్సింది తనే."

రావులపాలెం మార్కెట్లో అరటి గెలలు అమ్మేసి, అటునుంచటే బయల్దేరేవాళ్ళం. ఒక కాలేజీలో ల్యాబుకి తాళం. ఇంకోదాంట్లో మంచినీళ్ళే లేవు. నాన్నగారు గెలని చూసినట్టే బిల్డింగు చుట్టూ తిరిగి, పెదవి విరిచేసేవారు.

నాలుగోది కాలవ గట్టు మీదుంది. పేరూ ఊరూ పెద్దగా ఎవరికీ తెలీదు. లైబ్రరీ కిటికీలోంచి చూస్తే కాలవ, అవతల వరిచేలు... ఆవరణలో అమ్మాయిలు షటిల్ ఆడుతున్నారు. హాస్టల్ వంటావిడ "ఎండన పడి వచ్చారు, తినేసి వెళ్ళండి" అని పనసపొట్టు కూర వడ్డించింది. నాన్నగారు మారు వడ్డించుకున్నారు. నేనైతే షటిల్ బ్యాటు ఎక్కడ కొనాలా అని ఆలోచిస్తున్నాను!

కాకినాడలో కౌన్సెలింగు. శుక్రవారం. ర్యాంకు పిలిస్తే లోపలికెళ్ళి, మిగిలిన సీట్లలో ఒకటి ఎంచుకోవాలి. ఎక్కడ ఎన్ని మిగిలాయో బయట టీవీలో చూపించేవారు. పెద్ద కాలేజీలన్నీ అయిపోయాయి. కాలవ గట్టు కాలేజీలో మాత్రం రెండు సీట్లున్నాయి.

పదిన్నర దాటిన రెండు నిమిషాలకి నన్ను పిలిచారు. లేచాను. నాన్నగారు గుడ్డసంచిలోంచి పంచాంగం తీశారు.

"రాహుకాలం వచ్చేసిందమ్మా. పన్నెండింటికి వెళ్దాం. ఆలస్యమైనా రానిస్తారంట, అడిగాను. అయినా ఆ కాలేజీకి ఎవడొస్తాడు? మన సీటెక్కడికీ పోదు."

పదకొండింటికి రెండు కాస్తా ఒకటైంది.

"నాన్నగారండీ..." అన్నాను.

"నీ మంచికే కదమ్మా" అన్నారు. టీవీ వైపు ఒకసారి, పంచాంగం వైపు ఒకసారి చూశారు. అయినా లేవలేదు. ఆయనకి ఎదురు చెప్పడం మా ఇంట్లో ఎవరికీ అలవాటు లేదు, నాకు అసలే లేదు. టీవీలో ఆ ఒకటినే చూస్తూ కూర్చున్నాను.

పన్నెండుకి పది నిమిషాలుందనగా ఆ ఒక్కటీ సున్నా అయింది.

పన్నెండు దాటాక మంచి ఘడియలో లోపలికెళ్ళాం. దొరికింది ఆ ల్యాబుకి తాళం వేసిన కాలేజీ. చేరాను, చదివాను, ఉద్యోగమూ వచ్చింది. నాలుగేళ్ళలో షటిల్ బ్యాటు మాత్రం కొనలేదు.

మొన్న మా అమ్మాయి ఫోన్లోనే ఆప్షన్లు పెట్టుకుంటుంటే నాన్నగారు పక్కన చేరి, "మీ అమ్మని చూడు, మంచి ఘడియ చూసి చేర్పించాను కాబట్టే ఇంతదయ్యింది" అన్నారు. అవునండీ అన్నాను. ఈ వయసులో ఆయనకి ఏం చెప్పను... ఆ రోజే చెప్పలేకపోయాను.

మీకూ అలా కళ్ళముందే చేజారిన కాలేజీ ఉందా? పేరు వద్దులెండి... దాని కిటికీలోంచి ఏం కనిపించేదో చెప్పండి.