గౌరవ్వ కవ్వాల్ అడివికి పోయిన ముచ్చట

కోరుట్లల గౌరవ్వ ఇంటి ముంగట ఆగి "అక్కా, ఎప్పుడన్న ఊరికెనే ఎటన్న పోయినవా?" అని అడుగుండ్రి. బీడీలు చుట్టే చెయ్యి ఆపకుండనే "ఊరికెనే ఎవలు పోతరు?" అంటది. నిజమే గదా! వేములవాడ పోవాల్నంటే మొక్కుండాలె. మల్యాల పోవాల్నంటే పెండ్లుండాలె. గొల్లపల్లి పోవాల్నంటే ఎవలో ఒకలు సచ్చిపోయి ఉండాలె. నలభై నాలుగేండ్లల్ల గౌరవ్వ చూసిన లోకం గంతే. పులిని గూడ, మొగడు మస్కట్ నుంచి తెచ్చే నొప్పుల మందు డబ్బ మీదనే చూసింది.

మొగడు ముత్యం ఇరవై ఏండ్ల సంది మస్కట్ల క్రేన్ నడుపుతుండు. రెండేండ్లకోసారి నలభై రోజుల లీవు మీద అస్తడు. అండ్ల సగం సుట్టాల ఇండ్లల్ల, సగం నిద్రల పోతయి. మంచోడే పాపం, ఒక్క మాట గట్టిగ అనడు. కాకపోతే ఇంట్ల మనిషిని ఎక్కడ కూసోబెడితే అక్కడనే ఉంటదని ఆయనకు గట్టి నమ్మకం.

ఈసారి లీవుకు ముందుగాలనే బిడ్డ ప్రణీత తల్లికి కొత్త పిచ్చి పట్టిచ్చింది. జగిత్యాలల డిగ్రీ చదివే పిల్ల, ఫోన్ల నేషనల్ పార్కుల వీడియోలు చూపెట్టింది. తాడోబాల పులి, కాజీరంగల ఖడ్గమృగం. "గీటిని చూసుటానికి జనం సెలవులు పెట్టుకొని మరీ పోతరమ్మా" అన్నది. గౌరవ్వ బీడీల చేట పక్కకు పెట్టింది. ఒక దుప్పుల మంద వాగుల నీళ్లు తాగుతుంటే ఆ వీడియోను నాలుగుసార్లు చూసింది. ఇగ అప్పటిసంది కంటికి కునుకు లేదు. తాడోబా దూరమైతది గని గోదావరి దాటితే కవ్వాల్ పులుల అడివి ఉన్నది, పొద్దుగాల పోయి పొద్దుమీకి ఇంటికి రావచ్చని బిడ్డ చెప్పింది. ముత్యం విమానం దిగిన దినం నుంచి గౌరవ్వ ఆయన చెవుల ఇల్లు కట్టుకొని పోరింది. "సరే తియ్యి, పోదాం" అన్నడు ఆయన, నిద్రల ఉన్నడో మెలకువల ఉన్నడో మరి.

ఇంతవరకు బాగనే ఉన్నది. పోయే ముందు దినం సిరిసిల్ల నుంచి ముత్యం అక్క సత్తవ్వ దిగింది. "అడివికా? అడివిల ఏమున్నదే?" అని నిలదీసింది. ఊరికెనే చూసొస్తనని చెప్పుటానికి గౌరవ్వకు నోరు రాలే. అట్ల చెప్పుడు కంటే దొంగతనం ఒప్పుకొనుడు సులువు. "అడివిల మైసమ్మకు మొక్కున్నది వదినె" అని నోటికచ్చిన అబద్ధం ఆడేసింది. సత్తవ్వ ఊకుంటదా! సాయంత్రానికల్ల ఎర్రటి పుంజును తెచ్చి గౌరవ్వ చేతుల పెట్టింది. "మొక్కంటే వట్టి చేతులతోటి పోతరా పిల్లా?"

గట్ల, కిరాయి కారుల ముగ్గురు మనుషులు, ఒక కోడిపుంజు కవ్వాల్‌కు బయలెల్లిండ్రు. తొవ్వ పొడుగునా పుంజు గౌరవ్వ ఒళ్లనే కూసొని, ఊరు అచ్చినప్పుడల్ల కూసింది. ప్రణీత సిగ్గుతోటి చున్నీ మొకం మీదికి గుంజుకున్నది. అడివి గేటు కాడ దింపి, డ్రైవర్ కారు తీస్కొని అన్నం తినపోయిండు. సఫారి జీపు తయారుగ ఉన్నది. టికెట్లు చూసిన గార్డు పుంజును గూడ చూసిండు.

"ప్రాణమున్న జంతువును లోపలికి పోనియ్యం. పులులుండే జాగ ఇది."

"నువ్వు జెర పట్టుకోరాదు అన్నా?" అని బతిలాడింది ప్రణీత.

"నన్ను అడివి కాయుమన్నరమ్మా, కోడిని గాదు."

జీపు డ్రైవర్ హారన్ కొట్టిండు. అప్పుడు ముత్యం, మంచినీళ్లు ఇయ్యమన్నంత సులువుగ అన్నడు: "నువ్వు దీన్ని పట్టుకొని గీడ కూసో. నేను, బిడ్డ బిరాన చూసొస్తం."

గౌరవ్వకు కోపం రాలే. ఏడుపచ్చింది. దాన్ని మింగి మొగని దిక్కు చూసింది.

"మీ అవ్వ మంచాన పడితే నేనే కూసున్న. ఇల్లు కట్టేటప్పుడు సిమెంటు బస్తాల కాడ నేనే కూసున్న. నీ ఫోను కోసం రోజు పొద్దుమీకి నేనే కూసున్న. గీ ఒక్క పూట నువ్వు కూసో."

పుంజును ఆయన చేతులల్ల పెట్టి, చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకొని బిడ్డతోటి జీపెక్కింది. ముత్యం పుంజును సదురుకునేలోపల జీపు పోనే పోయింది.

పులి కనబడలే. ఉన్నదున్నట్టు చెప్పాలె గదా. ఇసుకల అడుగు జాడ చూపెట్టి, గిదే పులి అనుకోండ్రి అన్నడు గైడు. ఒక అడివి దున్న అడ్డమచ్చి, మీరెవలన్నట్టు చూసి పోయింది. ఆఖరికి ఒక చెరువు కాడ బండి ఆపిండ్రు. యాభై దాంక దుప్పులు నీళ్లు తాగుతున్నయి. గౌరవ్వ కండ్లపొంటి బొటబొట నీళ్లు కారినయి.

"ఏమైందమ్మా?"

"ఏం లేదే. ఒక్కదానికన్న ఎవలూ పని చెప్తలేరు చూడు."

రెండు గంటలైనంక జీపు గేటుకచ్చింది. ముత్యం సిమెంటు బెంచీ మీద కూసొని ఉన్నడు. అంగి నిండ రెట్ట, ఒళ్లె పుంజు నిద్రపోతున్నది. ఆయన మొకం ఎండకు ఎర్రగైంది.

"ఎంతసేపే? ఎప్పుడస్తరో తెల్వదు, ఎటూ లేచి పోరాదు. జీపు సప్పుడైనప్పుడల్ల మీరే అనుకున్న. తొవ్వ చూసుడు గింత నరకమా?"

"నీయి రెండు గంటలు" అన్నది గౌరవ్వ, మెల్లగ. "నాయి రెండేండ్లు."

ముత్యం పుంజు ఈకలను సవరించిండు. కారు అచ్చినంక తలుపు తీసి ముందు ఆమెను ఎక్కిచ్చిండు, పుంజును తన ఒళ్లెనే పెట్టుకున్నడు. బండి కదిలినంక అడిగిండు: "దుప్పులు కనబడ్డయా?"

గౌరవ్వ చెప్పుడు మొదలువెట్టింది. గోదావరి దాటినంక గూడ చెప్తనే ఉన్నది. మస్కట్ ముచ్చట్లు ఒక్కటి గూడ మధ్యల తేకుండ, ముత్యం కోరుట్ల దాంక వినుకుంట కూసున్నడు.