పిల్లి నోటికి మజ్జిగన్నం

ఆ ఏడాది స్వామివారి కల్యాణానికి పంచెల చాపు నేసే వంతు మా అత్తవారింటికి వచ్చింది. మా వీధి నేతవాళ్ళలో అదొక ఆచారం. దేవుడి బట్ట మగ్గం మీద ఉన్నన్నాళ్ళూ ఆ ఇంట్లో నీచు వండకూడదు, నీచు తిన్న నోరు మగ్గం దరికి రాకూడదు. మామూలుగా రెండు మూడు వారాల ముచ్చట. చేపలు మానడానికి నాకేం బాధ లేదు. బాధంతా నా పిల్లితోనే.

చల్లపల్లి దగ్గర మా పుట్టింటి నుంచి కాపురానికి వస్తూ బుట్టలో పెట్టి తెచ్చుకున్న పిల్లి అది. మగ్గం గుంటలో పడుకోవడం దాని అలవాటు. ఎంత తరిమినా అక్కడికే చేరేది. ఎలుకను తిని వచ్చి దేవుడి బట్టను తాకితే ఇంకేమైనా ఉందా? మా అత్తగారు తెగిన నూలుపోగులు పేని తాడు చేసి, పిల్లిని వసారాలో గుంజకు కట్టేశారు. పూటపూటా మజ్జిగన్నం.

"ఇంటిల్లిపాదీ నిష్ఠలో ఉంటే దీనికొక్కదానికే ఎలకలు కావల్సొచ్చినయ్యా?" అన్నారు.

సరిగ్గా అప్పుడే రెండో ప్రపంచ యుద్ధం మా మగ్గం దాకా వచ్చింది. చాపు సగంలో ఉండగా సన్ననూలు దొరకడం మానేసింది. మామగారు బెజవాడ వెళ్ళడం, వట్టి చేతులతో తిరిగి రావడం. కల్యాణం పాత బట్టలతోనే జరిగిపోయింది. దేవుడి బట్టను మధ్యలో కోయకూడదు గనక చాపు మగ్గం మీదే ఉండిపోయింది, పిల్లి గుంజకే ఉండిపోయింది. ఎండలు పోయి వానలు వచ్చాయి.

నాకు ఒక్కచోట కాలు నిలిచేది కాదు. ఎసరు పెట్టి వసారాలోకి, చీపురు పట్టుకుని మళ్ళీ వసారాలోకి. మొదట్లో గోల చేసిన పిల్లి తర్వాత అరవడం మానేసింది. అందుకే నాకు ఇంకా ఎక్కువ భయం వేసింది. బొచ్చు గరుకెక్కింది. నాలుగడుగులకే ఆయాసపడేది. ఎండలో గీతలా సన్నబడాల్సిన కంటిపాప మిట్టమధ్యాహ్నం కూడా గుండ్రంగా, నల్లగా ఉండేది.

"అత్తయ్యా, దీని కళ్ళు చూడండి. పెరటి అవతల ఓ చేపముక్క పెట్టనివ్వండి."

"పాలూ పెరుగూ తినేదానికి ఏం లోటమ్మా? పిల్లి శాపాలకు ఉట్లు తెగుతాయా ఏంటి!"

దొంగచాటుగా పెడదామని ఎన్నిసార్లో అనుకున్నాను. దేవుడంటే భయం. మా అత్తగారంటే ఇంకా భయం.

ఒకరోజు వసారా కడగడానికి తాడు విప్పాను. పిల్లి తిన్నగా నడిచి వెళ్ళి మగ్గం గుంజకు గుద్దుకుంది. వెనక్కి తగ్గి, మళ్ళీ దానికే గుద్దుకుంది. మా అత్తగారు చూస్తూనే ఉన్నారు. దగ్గరకు వచ్చి దాని మొహం ముందు చెయ్యి ఆడించారు. అది రెప్ప వేయలేదు.

ఆవిడ వీధిలోకి వెళ్ళి చేపలమ్మిని కేకేశారు.

"చాపు ఇంకా మగ్గం మీదే ఉంది అత్తయ్యా," అన్నాను.

"ఉండనీ."

తానే ఉడకబెట్టి, ముళ్ళు తీసి, వేలితో దాని నోటికి అందించారు. నేను కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. పిల్లికి ఒళ్ళు తిరిగి వచ్చింది, ఆయాసం తగ్గింది. నీచు లేక పోయిన చూపు మాత్రం తిరిగి రాలేదు.

నూలు దొరికి, చాపు మగ్గం దిగి, మరుసటి కల్యాణానికి గుడికి చేరింది. అక్కడ పక్కింటావిడ నలుగురిలో పొగిడింది.

"నిష్ఠంటే మీదేనండీ వదినగారూ! పిల్లి చేత కూడా చేయించారంట!"

మా అత్తగారు నవ్వలేదు.

"నిష్ఠ నాదేలెండి," అన్నారు. "కళ్ళు దానివి పోయినయ్."