ఐదో భాగంలో ముసలి చావు

'ఏడు దిబ్బల రాణి' మొదటి నాలుగు భాగాలనూ కథల యాప్‌లో పాఠకులు నెత్తిన పెట్టుకున్నారు. ఐదోది రాగానే అదే నెత్తి మీంచి దించి కింద పడేశారు. "ఉప్పులేని పప్పు", "ఊరికే సాగదీసిండ్రు" అని అభిప్రాయాలు. జమునకు బాధేసింది గాని భయం వేయలేదు. భయపెట్టింది ఒక్కటే.

"పెండ్లయిన రాణి తీజ్ బుట్టలకు నీళ్లెట్ల పోస్తది? గది పెండ్లికాని పిల్లల పని గదా! రాసేటామె సోయిల లేదు."

రాణికి నాలుగో భాగంలోనే పెళ్లి చేసిన సంగతి జమునే మరిచిపోయింది. కానీ లంబాడీల తీజ్ పండుగలో తొమ్మిది రోజులు బుట్టల్లోని ఆ గోధుమ మొలకలకు నీళ్లు పోసేదెవరో పట్నం పాఠకులకేం తెలుసు? ఈ అభిప్రాయం రాసింది తండా మనిషే!

మహబూబాబాద్ పక్క తండాలో జమున జాకెట్లు కుడుతుంది. మిషన్ ఆగినప్పుడల్లా ఫోన్లో మారుపేరుతో కథ రాస్తుంది. ఇంట్లో చెప్పకపోవడానికి కారణముంది. రాణిని పీడించే మసిగుట్ట ముసలి అచ్చం జమున అత్త రామిలాగే ఉంటుంది. అదే పొగాకు, కూర మూత తీయకముందే కారం ఎక్కువైందని సాధించే అదే నోరు. ఆ ముసలిని ఐదో భాగం మొదట్లోనే పాముతో కరిపించి చంపేసింది కూడా. ఇది బయటపడితే ఆ ఇంట్లో తనకు మంచినీళ్లు పుట్టవు. కథలు రాయడం సంగతి ఇక చెప్పనే అక్కర్లేదు.

దొంగకు తేలు కుట్టినట్టయింది. భర్త వెంకటేశ్ నవ్వితే అనుమానం, నవ్వకపోతే మరీ అనుమానం. అతను స్నానానికి పోగానే అతని ఫోనంతా వెతికింది. ట్రాక్టర్ వీడియోలు తప్ప ఏమీ లేవు. కొలతలివ్వడానికి వచ్చినవాళ్ల దగ్గర తీజ్ ముచ్చటెత్తి ముఖాలు చూసింది. ఎదురింటి రాజీ గబుక్కున తల దించుకుంది. దొరికింది దొంగ, అనుకుంది జమున.

మర్నాడు మధ్యాహ్నం జాకెట్టు ఇచ్చే వంకతో వెళ్లింది. రాజీ అరుగు మీద నలుగురు ఆడవాళ్లు పల్లికాయ ఒలుస్తున్నారు. రాజీ ఫోన్లోంచి బిగ్గరగా చదువుతోంది. అవి జమున వాక్యాలే. ఆడవాళ్ల మధ్యలో కూర్చుని వింటున్నది రామి.

"గా తీజ్ ముచ్చట నేను రాసిన గని, మాటలు నావి గావు జమునక్కా," అంది రాజీ బెదిరిపోయి, రామి వైపు చూస్తూ. "పెద్దమ్మ చెప్పింది."

ఇంట్లో మాట్లాడేది లంబాడీ. కోపమొస్తేనే రామి తెలుగులోకి దిగుతుంది. ఇప్పుడు తెలుగులోకే దిగింది.

"రాసేది నువ్వని మొదటి భాగంలనే ఎరికైంది. కారం ముచ్చట ఇంకెవరింట్ల ఉంటదే? పడి పడి నవ్విన. నాలుగు భాగాలు పనులిడిసిపెట్టి ఇన్న." రామి గొంతు తగ్గింది. "ఎంతన్న తిట్టుకో, పిల్లా. గని సంపితివి గదనే! నేను పోవాలని గంతగనం ఉండెనా నీకు?"

లేదని చెప్పడానికి జమున నోరు తెరిచింది. కానీ ఆ పేజీ రాసిన రోజు ఆ కోరిక నిజంగానే ఉండింది.