ఊయలమ్మ సంచీ

మా వదిన మాటల పొదుపరి, నాకేమో ముక్కు మీద కోపం. అందుకే మొదట్లో మా ఇద్దరికీ పడేది కాదు. ఆమె మా ఆయనకి అక్క, కాన్పుల ఆసుపత్రిలో నర్సు. పెళ్ళి మాటెత్తితే, "రోజూ పురిటినొప్పులు చూసేదాన్ని, నాకెందుకే ఆ గోల" అని నవ్వేసేది.

ఆసుపత్రిలో అందరూ ఆమెని ఊయలమ్మ అంటారు. బిడ్డ పుట్టి బొడ్డుతాడు కోశాక, మాయవైపు మిగిలిన తాడుకి సూది గుచ్చి, అందులోని నెత్తురుని సంచీలోకి దించడం ఆమె పని. గడ్డకట్టకుండా సంచీలో మందు ఉంటుంది. అది కలవాలని సంచీని అరచేతుల్లో పెట్టుకుని మెల్లగా అటూ ఇటూ ఊపుతుంది. ఏళ్ళ తరబడి ఊపీ ఊపీ, ఇంట్లో ఊరికే కూర్చున్నా ఆమె చేతులు ఊగుతుంటాయి. "పారేసే నెత్తురుకి ఇంత సేవా?" అని ఆటపట్టించేదాన్ని. "అందులో మూలకణాలుంటాయే. జబ్బుపడ్డవాళ్ళ ఎముకల్లో కొత్త రక్తం పుట్టిస్తాయి" అనేది. నేను ఆవులించేదాన్ని.

మా పెద్దదానికి బ్లడ్ కేన్సర్ అని తేలాక ఆ ఆవులింతలు పోయాయి. దాన్ని వసపిట్ట అని పిలిచేవాళ్ళం. సూది గుచ్చుతున్నా నోరు మూసేది కాదు. మా ఎవరి ఎముక మజ్జా దానికి కలవలేదు. బయటి దాతల కోసం కాళ్ళరిగేలా తిరిగాం. అప్పటికే నేను మళ్ళీ నెల తప్పి ఉన్నాను. ఉమ్మనీరు తీసి పరీక్ష చేస్తే, కడుపులో బిడ్డ నెత్తురు అక్కకి కలుస్తుందని తేలింది.

ఆ రోజు వదిన మొట్టమొదటిసారి గలగలా మాట్లాడింది. "బిడ్డ బయటపడగానే తాడు కోసేస్తాం. సంచీ నిండితే చాలు, వసపిట్ట మనకి దక్కినట్టే. దాని ఈడుకి సగం సరిపోదు, నిండా రావాలి" అంది.

వసపిట్ట ఊరుకుంటుందా? "అత్తా, నా సంచీ బాగా ఊపుతావా?" అని అడిగింది.

"చేతులు పడిపోయేదాకా ఊపుతానే."

నా కాన్పు రోజు వదిన సంచీ పట్టుకుని పక్కనే నిలబడింది. బిడ్డ మెడకి తాడు బిగించుకుని పుట్టింది. ఒళ్ళంతా సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది, ఏడుపు లేదు. డాక్టరమ్మ చుట్లు విప్పి, కత్తెర అందుకుని ఆగింది. తాడు బిగుసుకోవడంతో బిడ్డకి అందాల్సిన నెత్తురు మాయలోనే నిలిచిపోయింది. అప్పటికప్పుడు కోస్తే సంచీ నిండేది. ఆ సంచీ ఎవరికోసమో ఆ గదిలో అందరికీ తెలుసు. డాక్టరమ్మ వదిన మొహంలోకి చూసింది.

వదిన సంచీ పక్కన పెట్టేసింది. "ఆగండి. ముందు దీనికి రంగు రానివ్వండి" అంది. తాడుని వేళ్ళతో బిడ్డవైపు నిమిరింది. కాసేపటికి పెదాలు ఎర్రబడ్డాయి, పిల్ల కేరుమంది. ఆ తర్వాతే కోశారు. మిగిలినదాంట్లో సూది గుచ్చితే కాస్తే వచ్చింది. ఆ కాస్తనే వదిన ఊపుతూ కూర్చుంది. ల్యాబు మనిషి వచ్చి చేతుల్లోంచి తీసుకునేదాకా ఊపుతూనే ఉంది.

అది చాలదన్నారు. చంటిది మజ్జ ఇచ్చేంత ఎదగకముందే, ఇంకో దాత దొరికేలోపే వసపిట్ట వెళ్ళిపోయింది. ఆఖర్లో మాట్లాడటం మానేసింది. దాంతోనే నాకు తెలిసిపోయింది.

వదినని నేను ఒక్క మాటా అనలేదు. లోపల మాత్రం రగిలిపోయాను. చంటిదాని బుగ్గలు చూస్తే ముద్దొచ్చేది, ఆ వెంటనే వసపిట్ట గుర్తొచ్చేది. పేగు తెంచుకు పుట్టిన ఇద్దరిలో ఎవరు ఉండాలో చెప్పడానికి ఈవిడెవరు? ఆమె ఆగమనకపోతే ఈ బుడంకాయ దక్కేది కాదని కూడా తెలుసు. తెలిసినా కోపం పోలేదు. వదిన ఆదివారాలు వచ్చేది, వంటింట్లో నా పక్కన ఏదో ఒకటి తరిగిపెట్టి వెళ్ళేది. మా మాటలు "ఉప్పు ఇలా ఇవ్వు" దాటేవి కావు.

బుడంకాయ బడికి వెళ్ళే ఈడుకొచ్చింది. మొన్న ఆదివారం వంటింట్లోకొచ్చి, వదిన కొంగు పట్టుకుని అడిగింది. ఎవరు చెప్పారో ఏమో.

"అత్తా, అక్కకివ్వాల్సిన నెత్తురు నేను తాగేశానంట కదా?"

"లేదమ్మా, నేనే..." అని వదిన చెప్పబోయింది.

నేను కత్తి కింద పెట్టాను. "నువ్వేం తాగలేదే. నేనే తాగించాను. అత్త సంచీ నింపబోతుంటే, ఆగమని నేనే అన్నాను. ముందు నువ్వు ఏడిస్తే చాలనుకున్నాను."

"అలాగా" అని అది ఆడుకోడానికి పోయింది.

వదిన నా వంక తిరిగింది. "నీకు అబద్ధం ఆడటం రాదే" అంది.

"రాదు. నేర్చుకుంటున్నా."

వసపిట్ట పోయినరోజు కూడా ఏడవని మనిషి, గోడకి చేరగిలబడి ఏడ్చింది. "దానికి మాటిచ్చానే, చేతులు పడిపోయేదాకా ఊపుతానని."

"ఊపావు వదినా" అన్నాను. "నేను చూశాను."