పేడ మీద భక్తి

పేడలో లక్ష్మి ఉంటుందంటుంది శాస్త్రం. దాన్ని ఎత్తి వాకిట చల్లమనేదీ అదే శాస్త్రం. ఆ సగం మా భజన మండలికి బరువైంది. పెనుకొండ దగ్గర మా ఆవులు మేసే బీడులో పిడకలకు పేడ ఏరుకునే ఆడవాళ్లను అపచారమని తరిమేశాం. ఆవుల కడుపులోంచి పేడలో పడి, ఎండాకాలమంతా పేడ పెచ్చుల కింద చల్లగా బతికిన పురుగు పిల్లలు తొలివానకు పచ్చిక మీదికి పాకాయి. ఆ పచ్చిక మేసిన దూడ కడుపు పారుకుని కూలబడింది.

పేడ ఎత్తకపోతే మందు పోసినా దూడ దక్కదన్నాడు పశువుల డాక్టరు.

"ఈ ఎండకు మనుషులే మాడిపోతాంటే పురుగులెట్ల బతికినాయప్పా?" అన్నాడు మండలి పెద్ద.

"లక్ష్మి ఒడిలో పెట్టి సాకినాం కదన్నా. గంప పట్టు, ఎత్తేద్దాం," అన్నాను.

"ఏకాదశి పూటా?"

"ఉపవాసం మనకేనన్నా, దూడ కడుపులో ఉండే వాటికి కాదు."